పదో తరగతి గ్రాఫు, పద్దెనిమిది నెలల పాప: నర్సాపురం వైపు నుంచి ఒక కేసు

పిల్లల ఎదుగుదల గురించి ఎక్కడ మాట్లాడినా తల్లి చదువు ప్రస్తావన తప్పకుండా వస్తుంది. రావాలి కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో అసలు బడికే వెళ్ళని తల్లుల పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు 46 శాతం. పన్నెండేళ్ళు, ఆ పైన చదివిన తల్లుల పిల్లల్లో 26 శాతం. మన ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద ఐదేళ్ళలోపు పిల్లల్లో ఈ లెక్క 31.2 శాతం. ఈ అంకెలు చూసి, చదువుకున్న తల్లి ఉంటే చాలు, బిడ్డ దానంతటదే ఎదుగుతుందని చాలామంది అనుకుంటారు. గోదావరి డెల్టాలో పిల్లల డాక్టరుగా నాకు కనిపించేది అంత తేలికగా ఉండదు. చదువు తల్లి దగ్గరుండి, బిడ్డ కంచం ఇంకొకరి చేతిలో ఉంటే, ఆ చదువు బీరువాలో సర్టిఫికెట్టులాగే ఉండిపోతుంది. ఈ పాప విషయంలో మొదట జరిగింది అదే. తర్వాత మారింది కూడా అక్కడే. అందుకే ఈ కేసు ఇంత వివరంగా రాస్తున్నాను.

కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, ఊరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

పాపకి 18 నెలలు. "తిండి తినదండి, మాటలు కూడా రాలేదండి" అన్నది ఫిర్యాదు. చెప్పింది నాయనమ్మ. పాప ఆవిడ చంకలోనే ఉంది. తల్లి ఒక అడుగు వెనక నిలబడింది. నేనడిగిన ప్రతిదానికీ జవాబు నాయనమ్మ దగ్గర్నుంచే వచ్చింది. కాన్పు ఎప్పుడైంది, ఎన్ని కిలోలు పుట్టింది అన్నవి కూడా.

బరువు 7.9 కిలోలు. పడుకోబెట్టి కొలిస్తే పొడవు 74.1 సెంటీమీటర్లు, రెండుసార్లు కొలిచి సరిచూశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాల ప్రకారం ఈ వయసు ఆడపిల్లకి సగటు బరువు 10.2 కిలోలు, పొడవు 80.7 సెంటీమీటర్లు. కింది హద్దు (మైనస్ రెండు గీత) బరువుకి 8.1, పొడవుకి 74.9. అంటే పాప రెండింటిలోనూ హద్దు కిందే ఉంది. పొడవుకి తగ్గ బరువు మాత్రం ఉంది. చూస్తే బక్కగా అనిపించదు, చిన్న పిల్లలా కనిపిస్తుంది. ఎవరైనా చూసి ఏడాది పిల్ల అనుకుంటారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. జబ్బ చుట్టుకొలత 12.9 సెంటీమీటర్లు. రంగుల టేపు చుడితే 12.5 దాటింది కాబట్టి ఆకుపచ్చలో పడింది. పచ్చలో ఉందంటే భయం లేదనుకున్నారు ఇంట్లోవాళ్ళు. ఆ టేపు బక్కచిక్కిన పిల్లల్ని పట్టుకోవడానికి పనికొస్తుంది, 11.5 కంటే తక్కువైతే ప్రమాదమని చెబుతుంది. నెలల తరబడి ఎత్తు ఆగిపోతున్న పిల్లని అది పట్టుకోలేదు. గిడసబారడం కంటికి కనిపించదు. కొలవాలి, పాత కొలతతో పోల్చాలి.

కంటి రెప్ప తిప్పి చూస్తే పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.6. ఈ వయసులో 11 ఉండాలి. ముందు పై పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. తల చుట్టుకొలత పరిధిలోనే ఉంది. థైరాయిడ్ పరీక్ష మామూలుగా వచ్చింది. వినికిడి పరీక్ష చేయించాం, ఇబ్బంది లేదు.

నడక, మాట లాంటి ఎదుగుదల పరీక్షకి నేను త్రివేండ్రం చార్టు వాడతాను. రెండేళ్ళలోపు పిల్లలకి, రద్దీ ఓపీలో కూడా చేయగలిగేది. పాప 15 నెలలకి నడిచింది, అది పరిధిలోనే. మాటలు మాత్రం రెండే: "అమ్మ", "తాత". ముక్కేది, కన్నేది అంటే చూపించదు. పిలిస్తే పలుకుతుంది, కళ్ళలోకి చూస్తుంది, కావలసినదాన్ని వేలితో చూపిస్తుంది. కాబట్టి ఆటిజం వైపు అనుమానం పెద్దగా రాలేదు. ఆటిజం ప్రశ్నావళి కూడా పూర్తి చేయించాం, స్కోరు తక్కువే వచ్చింది.

తల్లిదండ్రుల ఎత్తు కూడా కొలిచాం: తండ్రి 168, తల్లి 151 సెంటీమీటర్లు. పాప పొట్టితనంలో కొంత తల్లి వైపు నుంచి వచ్చి ఉండొచ్చు. కొంతే. ఎందుకో కింద పాప బరువుల కార్డు దగ్గర చెబుతాను.

ఇల్లు

తండ్రి రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. పగలు నిద్ర. తల్లికి 24 ఏళ్ళు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది, ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా సంబంధం కుదిరింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని లేసు అల్లుతుంది. నర్సాపురం లేసు సంగతి ఈ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లినదాన్ని బట్టి డబ్బు. అల్లకపోతే ఆ రోజు ఏమీ రాదు. తల వంచుకుని, చూపు సూది మీద పెట్టి చేసే పని. అది చేస్తూ పక్కన పిల్లకి తినిపించడం కుదరదు. అందుకని పాప తిండి అత్తగారి పని అయింది. అత్తగారు బడికి వెళ్ళలేదు, కానీ ఇంటి పగ్గాలన్నీ ఆవిడవే. ఐదేళ్ళ అన్నయ్య బడికెళ్తున్నాడు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. ఈ నాయనమ్మ పాపని నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. రాత్రుళ్ళు ఎత్తుకుని తిరిగేది ఆవిడే, జ్వరం వస్తే మేలుకునేది ఆవిడే. కేసు షీట్లలో అత్తగారిని అడ్డంకిగా రాసేసి ఊరుకోవడం నాకు నచ్చదు. చాలా ఇళ్ళల్లో పిల్లలు బతికి బట్ట కడుతున్నది ఆ చేతుల వల్లే. అమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్తే, మనవణ్ణి చేపలకూర అన్నంతో చక్కగా పెంచుతున్న అమ్మమ్మలు కోనసీమ నుంచి నా దగ్గరికి వస్తుంటారు. వేలిముద్ర వేసే అమ్మమ్మ చేతిలో పిల్లాడు సగటు గీత మీద నడుస్తుంటాడు. ఇంజనీరింగ్ చదివిన తల్లి కొడుకు ఖరీదైన డబ్బా పొడి తాగి, తాగి, అన్నం ముట్టక రక్తం తగ్గిపోయి వచ్చిన రోజులూ ఉన్నాయి. సర్వే అంకెలు అబద్ధం కావు. చదువుతోపాటు డబ్బు, మరుగుదొడ్డి, పెళ్ళి వయసు కూడా మెరుగవుతాయి. అవన్నీ కలిసి ఆ తేడా తెస్తాయి. చదువు వాటా ఎంత, అది ఏ దారిన బిడ్డ దాకా చేరుతుంది అన్నదే నా ప్రశ్న.

ఏం తింటోంది

నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా పాప నోట్లోకి వెళ్ళినవన్నీ వరసగా చెప్పమన్నాను. ఈసారి తల్లిని అడిగాను. నాయనమ్మ మధ్యలో అందుకుంటే, "మామ్మగారూ, మీరు తర్వాత చెబుదురు గాని" అన్నాను.

లేవగానే గేదె పాలు సగానికి సగం నీళ్ళు కలిపి, పంచదార వేసి, సీసాలో. వెంట రెండు బిస్కెట్లు. పదకొండింటికి మళ్ళీ సీసా. మధ్యాహ్నం పప్పు కట్టుతోనో చారుతోనో మెత్తగా పిసికిన అన్నం, ఆరేడు ముద్దలు. మూడింటికి సీసా. సాయంత్రం పెద్దవాళ్ళు టీ తాగేటప్పుడు బిస్కెట్ ముంచి ఇస్తారు, అన్నయ్య కొనుక్కున్న చిప్స్ ప్యాకెట్‌లో వాటా. రాత్రి పాలన్నం నాలుగు ముద్దలు, పడుకునేటప్పుడు సీసా. ఆ సీసా నోట్లో ఉండగానే నిద్ర. పళ్ళ మీద మచ్చలు అందుకే.

"గుడ్డు?"

"అంగన్‌వాడీలో ఇస్తారండి. పెద్దాడికి పెడతామండి, బడికెళ్ళేవాడు కదా. దీనికి అరగదంటారు అత్తయ్య."

"అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడి?"

"లడ్డూలు చుట్టేస్తామండి. అందరం తింటాం."

"చేప?"

ఈసారి నాయనమ్మ ఆగలేదు. "ముల్లు దిగితే ఎవరండీ దిక్కు? పసిదానికి చేపేంటండి బాబూ!"

అరటిపండు జలుబు చేస్తుందట. ఇంటి చుట్టూ కర్పూర చక్రకేళి గెలలు వేలాడుతుంటాయి, తండ్రి రొయ్యల చెరువు మీదే ఉంటాడు, పెరట్లో మునగచెట్టు ఉంది. పాప కంచంలో ఇవేవీ లేవు. డెల్టాలో తిండి లేక గిడసబారే పిల్లలు తక్కువ. ఉన్న తిండి పిల్ల దాకా రాకపోవడమే ఎక్కువ చూస్తాను. దేశం మొత్తం మీద ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో చాలినంత, చాలిన రకాల తిండి అందుతున్నది అదే సర్వే లెక్కలో 11.3 శాతానికి మాత్రమే. అదంతా పేదరికం వల్లేనని నేను అనుకోను.

లెక్క వేసి చూశాం. తల్లిపాలు మానేసిన ఈ వయసు పిల్లకి రోజుకి దాదాపు 900 కేలరీలు కావాలి. పాపకి అందుతున్నది ఆరు వందల పైచిలుకు, అందులో ఎక్కువ భాగం పాలు, పంచదార, బిస్కెట్లే. పసిపిల్ల కడుపు కిలో బరువుకి సుమారు 30 గ్రాములే పడుతుంది. ఎనిమిది కిలోల పిల్లకి పావు లీటరు లోపు. సీసాడు నీళ్ళపాలు పోస్తే అది నిండిపోతుంది, ఇంక ముద్ద ఎక్కడ పడుతుంది? "తిండి తినదండి" అన్న ఫిర్యాదుకి జవాబు సీసాలోనే ఉంది. రక్తం తగ్గడానికీ అదే. గేదె పాలల్లో ఇనుము నామమాత్రం, పైగా మిగతా తిండిలోని ఇనుమునీ సరిగ్గా ఒంటబట్టనివ్వవు.

ఇంకొకటి కూడా బయటపడింది. అన్నప్రాసన ఘనంగానే చేశారు, వేళకే చేశారు. ఆ మర్నాటి నుంచి మళ్ళీ పాలే. ఎనిమిదో నెల దాటాక గాని రోజూ అన్నం మొదలు కాలేదు. పదో నెలలో తల్లికి జ్వరం వస్తే, ఆ వేడి పాలలోంచి బిడ్డకి దిగుతుందని తల్లిపాలు మాన్పించేశారు. జ్వరం తగ్గినా మళ్ళీ ఇవ్వలేదు.

తినిపించడం చూశాను

తర్వాతిసారి క్యారేజీ తెచ్చుకోమన్నాను. ఎంత తింటుందో చెప్పేదానికీ, ఎలా తింటుందో చూసేదానికీ చాలా తేడా ఉంటుంది.

నాయనమ్మ పాపని ఒళ్ళో వెల్లకిలా పట్టుకుని, ఫోన్‌లో రైమ్స్ పెట్టి క్యారేజీ గిన్నెకి ఆనించింది. చారన్నం గంజిలా పిసికింది. మొదటి రెండు ముద్దలు పాప ఫోన్ చూస్తూ మింగేసింది, ఏం తింటున్నదీ చూడలేదు. మూడో ముద్దకి మొహం తిప్పింది. ఎడమచేత్తో రెండు బుగ్గలూ నొక్కి, తెరుచుకున్న నోట్లో ముద్ద పెట్టింది నాయనమ్మ. పాప దాన్ని బుగ్గన పెట్టుకుని కూర్చుంది. మింగలేదు, ఉమ్మలేదు. "ఇంక చాలత్తయ్యా, మింగలేదు" అంది తల్లి మెల్లిగా. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో ముద్ద. పాప ఏడుపు మొదలెట్టింది. వెంటనే సీసా వచ్చింది. పాప కళ్ళు మూసుకుని చప్పరించడం మొదలుపెట్టింది, నాయనమ్మ మొహంలో నిశ్చింత.

ఆ పావుగంటలో పాపతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. మాటలు రాలేదన్న రెండో ఫిర్యాదుకి ఇక్కడ కొంత జవాబు దొరికింది. మనవాళ్ళు చందమామని చూపించి, కాకికో ముద్ద, పిచ్చుకకో ముద్ద అంటూ తినిపించే రోజుల్లో ఒక్కో పూటకి పిల్ల చెవిలో ఎన్ని మాటలు పడేవో! ఆ కబుర్ల చోటు ఇప్పుడు ఫోను తీసుకుంది. ఫోను పిల్ల మొహం చూసి మాట్లాడదు, పిల్ల అన్న "ఊఁ"కి తిరిగి పలకదు.

కార్డు

తల్లీబిడ్డల కార్డు నాయనమ్మ ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది. టీకాలన్నీ వేళకి వేయించారు. బరువులు కూడా రాసి ఉన్నాయి. తొమ్మిదో నెల తర్వాత మాత్రం గ్రాఫులో చుక్కలు లేవు, పక్కన అంకెలే ఉన్నాయి.

నాయనమ్మ కొడుకుతో మాట్లాడటానికి బయటికి వెళ్ళింది. కార్డు, పెన్సిలు తల్లి ముందు పెట్టి, మిగతా చుక్కలు పెట్టమన్నాను. ఒక్క నిమిషం చూసింది. అడ్డంగా వేలు జరిపింది, నిలువుగా జరిపింది. "అడ్డంగా నెలలు, నిలువుగా కిలోలు. ఇది మా పదో తరగతి లెక్కల్లో గీసిన గ్రాఫేనాండీ?" అంది.

పుట్టినప్పుడు 2.6. మూడో నెల 5.2. ఆరో నెల 6.5. తొమ్మిదికి 7.0. ఇవి ముందే ఉన్నాయి. ఆ తర్వాతవి తనే పెట్టింది: పన్నెండుకి 7.2, పదిహేనుకి 7.6, ఈ నెల 7.9. స్కేలు అడిగి తీసుకుని చుక్కలు కలిపింది. చుక్క కాస్త పక్కకి పడితే రబ్బరుతో చెరిపి మళ్ళీ పెట్టింది. పైన అచ్చువేసిన సగటు గీత వంపు తిరిగి పైకి పోతోంది. పాప గీత ఆరో నెల దాకా దానికి సమాంతరంగా వచ్చి, అక్కణ్ణించి కిందికి జారింది.

"తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య గీత పడుకుందండి" అంది.

"ఆ నెలల్లో ఏం జరిగింది?"

ఆమె కార్డు మీద నుంచి తల ఎత్తలేదు. "పాలు మాన్పించాం. రెండుసార్లు విరోచనాలయ్యాయి. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే సూది వేసి, నాలుగు రోజులు అన్నం పెట్టొద్దన్నాడు. పెట్టలేదండి." కాసేపాగి, "నేను పొట్టిగా ఉన్నాను కదా, అందుకేనేమో అనుకున్నానండి. పొట్టి వల్లయితే మొదటి నుంచీ కిందే ఉండాలి కదండీ?" అంది.

తల్లి ఎత్తు గురించి నేను పైన "కొంతే" అన్నది ఇందుకే. ఆ సంగతి నేను చెప్పక ముందే ఆమె గీతలోంచి చదివేసింది. చదువు బిడ్డకి ఎలా పనికొస్తుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఇదే. ఆమెకి పోషకాహారం గురించి కొత్తగా ఏమీ తెలియలేదు ఆ రోజు. తనకి ముందే వచ్చిన లెక్క, తన బిడ్డ మీద వేసి చూసుకుంది. కార్డు పెట్టెలో ఉన్నన్నాళ్ళూ ఆ అవకాశం రాలేదు, అంతే.

ఏం మార్చాం

కొన్ని మార్పులు మాత్రమే అడిగాను. పది చెబితే ఒక్కటీ జరగదు. సీసా ఆపి గ్లాసుతో పాలు, నీళ్ళు కలపకుండా, రోజుకి రెండు చిన్న గ్లాసులే, అన్నం తిన్నాకే. రోజూ ఒక గుడ్డు పాపదే. కట్టు పోసి కాకుండా ముద్దపప్పు కలిపి, నెయ్యో నూనో ఒక చెంచా వేసి అన్నం. అందులోనే మునగాకో తోటకూరో ఉడికించి మెదిపి. చేప వారంలో మూడు రోజులు. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు ఏదైనా: అరటిపండు, బాలామృతం జావ, పెరుగు. ఫోన్ లేకుండా, పాపకి సొంత కంచం పెట్టి, తనంతట తాను చెయ్యి పెట్టి కెలుక్కున్నా ఊరుకుని.

మందుల్లో రోజుకి కిలోకి మూడు మిల్లీగ్రాముల చొప్పున ఇనుము, పాలతో కలిపి కాకుండా. విరోచనం నల్లగా వస్తుందని ముందే చెప్పాం, లేకపోతే భయపడి ఆపేస్తారు. నులిపురుగుల మందు ఈ వయసుకి సగం మోతాదు, 200 మిల్లీగ్రాములు. విటమిన్ ఎ చుక్కల డోసు రావలసి ఉంది, వేయించాం.

చేప దగ్గర చిక్కు వచ్చింది. కోడలు చెబితే అత్తగారు వినేట్టు లేదు, నేను చెప్పినా తల ఊపి ఇంటికెళ్ళి మానేసేట్టు ఉంది. ముల్లు భయం నిజమైన భయమే. దాన్ని తీసిపారేయకూడదు. "మామ్మగారూ, ముల్లు తీయడం కోడలికి రాదు, మీకైతే వచ్చు కదా. కొర్రమీను ముక్క మీరే చేత్తో నలిపి, వేళ్ళతో చూసి ఇవ్వండి. కోడలు తినిపిస్తుంది" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. "ఆయ్, ముల్లు తీయడం నా తర్వాతేనండి. మెత్తళ్ళైతే నలిపితే ముల్లే ఉండదు." రొయ్యలు ఉడికించి మెత్తగా నూరి పప్పులో కలపొచ్చని కూడా ఆవిడే చెప్పింది. తినిపించే పని తల్లిది, వండి ఇచ్చే పని నాయనమ్మది అని ఆ రోజు అక్కడే నిర్ణయమైంది. లేసు పని పూటకి అరగంట తగ్గుతుందని తండ్రికి కూడా చెప్పాను. ఆ కాస్త రాబడి తగ్గడం ఇంటికి బరువే. ఒప్పుకున్నాడు. ఇది చిన్న విషయం కాదు. సలహాలిచ్చే మనం తల్లి సమయానికి డబ్బు లెక్క ఉందని మర్చిపోతుంటాం.

ఆట, మాట కూడా మందు చీటీ మీదే రాసిచ్చాను. ఇది నా సొంత సరదా కాదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో, 60 గ్రామాల్లో, 600 మంది తల్లీబిడ్డలతో చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. ఏం పెట్టాలో నేర్పిన గుంపులో పొడవు కొంత మెరుగైంది. పిల్ల ఆకలిని గమనించి తినిపించడం, ఆడించడం కూడా కలిపి నేర్పిన గుంపులో మానసిక వికాసం స్కోర్లు మెరుగయ్యాయి. 1991లో వచ్చిన జమైకా అధ్యయనం కూడా గిడసబారిన పిల్లల మీదే; పాలపొడీ ఆటా రెండూ అందిన పిల్లలు మానసిక వికాసం స్కోర్లలో మామూలు పిల్లల దగ్గరికి వచ్చేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆట అందిన పిల్లలు పెద్దయ్యాక సంపాదనలో పాతిక శాతం ముందున్నారు. తిండి ఒక్కటే పెట్టి పిల్ల తెలివి ఎదగలేదంటే లాభం లేదు.

తల్లి లేసు అల్లుతూనే కబుర్లు చెప్పడం మొదలెట్టింది. దారం ఉండలు, ఖాళీ డబ్బా, మూత పాప ముందు పెట్టేది. "ఇది తెల్లది, ఇది పెద్దది, డబ్బాలో వెయ్యి, మూత తియ్యి." చేతులు పనిలో ఉన్నా నోరు ఖాళీయే కదా అంది నాతో.

ఆ తర్వాత

మొదటి పది రోజులు నరకమే అన్నారు. సీసా కోసం రాత్రుళ్ళు ఏడుపు. నాయనమ్మ రెండో రాత్రే మళ్ళీ సీసా తీసింది, కోడలు వద్దంటే మాటామాటా వచ్చింది. మూడో వారానికి పాప అన్నం కంచం చూసి నోరు తెరవడం మొదలెట్టింది. నెలకి హిమోగ్లోబిన్ 9.8, మూడు నెలలకి 11.4. ఆ తర్వాత కూడా రెండు నెలలు ఇనుము కొనసాగించాం, నిల్వలు నిండాలి కాబట్టి.

21 నెలలకి బరువు 8.7, పొడవు 77 సెంటీమీటర్లు. బరువు హద్దు దాటింది, పొడవు ఇంకా అర సెంటీమీటరు కిందే.

ఆ పైన వేసవి వచ్చింది, కాలువలు కట్టేశారు. తాగునీటి చెరువు అడుగంటింది. పాపకి నీళ్ళ విరోచనాలు పట్టుకున్నాయి. ఈ కేసు మొత్తంలో నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది ఈ వారమే. ఇంట్లో మళ్ళీ "అన్నం ఆపండి" అన్న మాట వచ్చింది. తల్లి ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక రాసింది చదివి, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో మొత్తం ఒకేసారి కలిపి, విరోచనం అయిన ప్రతిసారీ గ్లాసుతో పట్టింది. ఆశా వర్కర్ని అడిగి జింకు మాత్రలు తెచ్చి, విరోచనాలు మూడో రోజుకి కట్టినా రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున పద్నాలుగు రోజులూ వేసింది. పెరుగన్నం ఆపలేదు. నాకు ఫోన్ చేసి, "మూత్రం వస్తోందండి, నాలుక తడిగానే ఉంది, తీసుకురావాలా?" అని అడిగింది. ఏ ప్రశ్న అడగాలో తెలిసిన తల్లి ఆమె. బరువు 8.5కి జారింది. ఆ తర్వాత రెండు వారాలు రోజుకో పూట అదనంగా పెట్టింది.

24 నెలలకి 9.4 కిలోలు, 80.2 సెంటీమీటర్లు. రెండూ హద్దు పైన, పొడవు రెండు మిల్లీమీటర్ల తేడాతో. 30 నెలలకి 10.9 కిలోలు. నిలబెట్టి కొలిస్తే ఎత్తు 84.6, ఆ వయసుకి కింది హద్దు 83.6, సగటు 90.7. బరువు త్వరగా కోలుకుంటుంది, ఎత్తు నెమ్మదిగా. మొదటి రెండేళ్ళలో పోయిన సెంటీమీటర్లు పూర్తిగా తిరిగి రాకపోవచ్చని తల్లికి దాచకుండా చెప్పాను. "గీత మళ్ళీ పడుకోకుండా చూసుకుంటానండి" అంది.

మాటలు ఎత్తు కంటే ముందు వచ్చాయి. 24 నెలలకి రెండు మాటలు కలిపింది: "అన్న బడి", "మామ్మ చేప". 30 నెలలకి మూడు మాటల వాక్యాలు, శరీర భాగాలన్నీ, డబ్బాలో దారం ఉండలు రంగుల వారీగా వేరు చేయడం. గడగడా వాగుతోందని నాయనమ్మ ఇప్పుడు కొత్త ఫిర్యాదు చేస్తోంది.

కార్డు ఇప్పుడు తల్లి దగ్గర ఉంటుంది. ప్రతి నెలా అంగన్‌వాడీలో తూకం వేశాక చుక్క తనే పెడుతుంది. వీధిలో ఇంకో ఇద్దరు తల్లులు కార్డులు పట్టుకుని వస్తే వాళ్ళవీ పెట్టి ఇచ్చిందని విన్నాను. అంగన్‌వాడీ టీచర్ కూడా సంతోషించింది, ఆవిడకి రిజిస్టర్లతోనే సరిపోతుంది.

నా వరకు మారింది కేసు షీటు. "తల్లి చదువు" అన్న గడిలో తరగతి రాసి ఊరుకోకుండా, కింద ఇంకో మూడు ప్రశ్నలు చేర్చాం: కార్డు ఎవరి దగ్గర ఉంటుంది, పిల్లకి ఏం పెట్టాలో ఎవరు చెబుతారు, ఎవరి చేత్తో తింటుంది. మూడింటికి మూడు పేర్లు వస్తే, ఆ ముగ్గురినీ ఒకేసారి కూర్చోబెడతాం.

మిగిలినవి ఇవి: పై పళ్ళు నాలుగింటికీ పుచ్చు ఉంది, పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాం. ఐదేళ్ళు వచ్చేదాకా వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఇనుము సిరప్, ఆరు నెలలకోసారి విటమిన్ ఎ, నులిపురుగుల మందు కొనసాగాలి. అన్నయ్యని కూడా తీసుకొచ్చి కొలిపించమన్నాను, వాడి హిమోగ్లోబిన్ ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. పాప మూడేళ్ళకి అంగన్‌వాడీ బడిలో చేరుతుంది. ఆ నెలలో ఎత్తు, మాట, వినికిడి మళ్ళీ చూస్తాం.